కాఫీ పెట్టమంటే డబ్బా పెట్టింది

(ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం నాడు, ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో ఒక రిటైర్డ్ తెలుగు టీచరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాదంతా ఆవిడ మాటల్లోనే.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? ఆ ఫ్యాను కాస్త తగ్గించు నాన్నా, నా గొంతు అసలే అంతంతమాత్రం. ఆఁ, చాలు.

నాకు ఫోన్ చేసినప్పుడు తెలుగు భాష గొప్పతనం మీద మాట్లాడమన్నారు. నా వల్ల కాదన్నాను. ముప్పై నాలుగేళ్ళు ఈ జిల్లాలోనే బళ్ళో తెలుగు చెప్పాను. గొప్పతనం చెప్పిన రోజున పిల్లలు ఆవలించారు. ఏదో ఒక మాట పట్టుకుని అటూ ఇటూ తిప్పిన రోజున మాత్రం గంట కొట్టినా కదల్లేదు. అందుకని ఇవాళ కూడా ఒక్క మాటే తెచ్చాను. పెద్ద మాటేం కాదు. పొద్దున్న లేచింది మొదలు పడుకునేదాకా మీరందరూ అనేదే. పెట్టు.

పెట్టు అంటే ఏటి? చెప్పండి. ఉంచడమా? సరే, ఆ అమ్మాయి ఉంచడం అంటోంది. బల్లమీద పుస్తకం పెట్టు, అంటే ఉంచు. బాగుంది. మరి కాఫీ పెట్టు అంటే?

నవ్వుతున్నారు కదా. మా చిన్నకోడలు నవ్వలేదు. ఆ పిల్లది కటక్. పెళ్ళయి వచ్చేనాటికి తెలుగు ముక్క రాదు, నేర్చుకోవాలని మాత్రం మహా పట్టుదల. చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టుకుని... చూశారా, అప్పుడే వచ్చేసింది, పెట్టుకుని... విన్న ప్రతి మాటా ఒడియా లిపిలో రాసుకునేది. 'పెట్టు' ఎదురుగా 'థోఇబా' అని రాసుకుంది. థోఇబా అంటే ఉంచడం, మీకు నేను చెప్పక్కర్లేదు. ఒకరోజు మా ఆడపడుచు వచ్చింది. నేను హాల్లోంచే, "అమ్మాయీ, కాఫీ పెట్టమ్మా" అని కేకేశాను. నిమిషంలో వచ్చింది. కాఫీపొడి డబ్బా తెచ్చి, మా ఆడపడుచు ముందు టీపాయ్ మీద జాగ్రత్తగా పెట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

మా ఆడపడుచు డబ్బా వంక చూసింది, నా వంక చూసింది. "ఏటొదినా, మీ ఇంట్లో కాఫీ ఇలా తాగుతున్నారా?" అంది.

ఆ పిల్ల తప్పేముంది చెప్పండి? మనం అన్న మాట అక్షరాలా చేసింది. కాఫీ పెట్టడం అంటే పొయ్యి వెలిగించాలి, నీళ్ళు మరగాలి, డికాక్షన్ దిగాలి, పాలు కాగాలి, కలిపి గ్లాసుల్లో పొయ్యాలి. ఇంత పనీ ఆ రెండక్షరాల్లో ఎక్కడుంది? పోనీ పెట్టడమంటే తయారుచెయ్యడం అనుకుందామా? అన్నం పెట్టు అంటే వండమని కాదే, వండింది వడ్డించమని. ఆవకాయ పెట్టు అంటే? అది ఇంకా చిత్రం. ఎండాకాలంలో అంటే కాయలు కొట్టి జాడీ నింపమని. భోజనాల దగ్గర అంటే విస్తట్లో ముక్క వెయ్యమని. అదే మాట, అదే ఆవకాయ.

తరవాత ఫోను. అదీ ఈ పిల్లే అడిగింది. "అత్తయ్యా, మాట్లాడడం అయిపోయాక మీరందరూ పెట్టేస్తాను, పెట్టేస్తాను అంటారు. ఏం పెడతారు, ఎక్కడ పెడతారు?" నిజమే కదా. ల్యాండ్‌లైన్ రోజుల్లో మా ఇంట్లో నల్ల ఫోను ఉండేది. రిసీవరు ఎత్తి మాట్లాడి, మళ్ళీ దాని గూట్లో పెట్టేవాళ్ళం. టక్కుమని చప్పుడయ్యేది. కోపమొస్తే ఇంకా గట్టిగా పెట్టేవాళ్ళం. ఇప్పుడు పెట్టడానికేముంది? ఎర్ర గుండ్రం మీద వేలు నొక్కడమే. ఫోను చేతిలోనే ఉంటుంది. అయినా "ఉంటాను మరి, పెట్టేస్తున్నా" అంటాం. నల్ల ఫోను మొహమెరగని మా మనవలూ అదే అంటారు. ఆ ఫోను పోయిందని ఈ మాటకి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఇంకొక్కటి చెప్పి కోడల్ని వదిలిపెడతాను. పాపం ఇక్కడే ఉంది, మూడో వరసలో. పక్కింటావిడ ఒకసారి అడిగిందట, "మీ అత్తగారు నీ వంటకి పేర్లు పెడతారా?" అని. ఈ పిల్ల సంబరపడిపోయి, "రోజూ పెడతారాంటీ! మొన్న నా డాల్మాకి ఒడియా పప్పు అని పెట్టారు" అంది. అంతే. వారం తిరక్కుండా నేను కోడల్ని రాచిరంపాన పెడుతున్నానని వీధంతా పాకింది. పేరు పెడితే బారసాల, పేర్లు పెడితే తగువు. ఒక్క 'ర్లు'తో ఎంత పనైందో చూడండి.

సరే. ఈ మాటకి అసలు కాపురం వంటింట్లో. మా అత్తగారు ఉన్న రోజుల్లో ఒక ఆదివారం ఊరికే లెక్కపెట్టాను. లెక్క కూడా పెట్టడమే చూడండి. నేను పొయ్యి మీద ఎసరు పెట్టేలోపు ఆవిడ పధ్నాలుగుసార్లు అంది. వాకిట్లో ముగ్గు పెట్టావా, దేవుడి దగ్గర దీపం పెట్టావా, ఆవుకి కుడితి పెట్టావా, పిల్లదానికి బొట్టు పెట్టావా, పెరటి తలుపు గడియ పెట్టావా. అన్నీ నాకే. ఆవిడ మాత్రం ఏదీ పెట్టలేదు.

ఎసరు అన్నాను కదా, ఈ కుర్రాళ్ళకి తెలుసో తెలీదో. బియ్యం పొయ్యకముందు గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెడతామే, ఆ నీళ్ళు. కుక్కర్లొచ్చాక వంటింట్లో ఎసరు తగ్గింది. ఆఫీసుల్లో పెరిగింది. "నా ఉద్యోగానికి ఎసరు పెట్టాడు" అని రోజూ వింటాం.

వడియాలు పెట్టడం ఎవరెవరికి గుర్తుంది? అబ్బో, చాలామంది ఉన్నారు. మా అత్తగారు ముందురోజు రాత్రే బూడిద గుమ్మడికాయ చిన్న ముక్కలు కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, గుడ్డలో మూటకట్టి, పైన సన్నికల్లు పెట్టేది. రాత్రంతా నీరు కారిపోవాలి. తెల్లారగట్ల మినప్పప్పు గట్టిగా రుబ్బి, ముక్కలు కలిపి, పాత పంచె తడిపి డాబా మీద పరిచేది. నాలుగు మూలలా నాలుగు ఇటికలు. ఇక కూర్చుని, వేళ్ళు నీళ్ళలో ముంచుకుంటూ, ఉండ తరవాత ఉండ పెట్టుకుంటూ వెనక్కి వెనక్కి జరిగేది. ఎండ ముదిరేసరికి ఆవిడ మెట్ల దగ్గరికి వచ్చేసేది, పంచె నిండిపోయేది. అప్పుడు పిల్లల్ని కర్రలిచ్చి కాకులకి కాపలా పెట్టేది. మొదటి కాకి వచ్చేసరికి పిల్లలు గోళీలాటలో ఉండేవారు, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక చిన్న వ్యాకరణం. భయపడకండి, రెండు నిమిషాలే. వడియం దాని పాటికి అది ఎండుతుంది. కానీ మనం ఊరుకుంటే ఎండదు. ఎండలో పడెయ్యాలి, తిరగెయ్యాలి, మబ్బేస్తే దింపాలి. అది ఎండేలా మనం చూడాలి. ఆ చూడడమంతా కలిపి ఎండబెట్టడం. పప్పు నానుతుంది, మనం నానబెడతాం. దుంపలు ఉడుకుతాయి, ఉడకబెడతాం. పిల్లాడు కూర్చుంటాడు, కూర్చోబెడతాం. గమనించారా? పెట్టు కాస్తా బెట్టు అయింది. మరి భయపెట్టు, బాధపెట్టు, ఇబ్బందిపెట్టు? అక్కడ పెట్టు పెట్టులాగే ఉంది. ఎందుకు? ఎండ, నాన, ఉడక అనేవి పని చెప్పే మాటలు, క్రియలు. వాటి పక్కన చేరితే మెత్తబడి 'బె' అవుతుంది. చేసి, తెచ్చి లాంటివాటి సంగతి వేరు, అవి తరవాత. భయం, బాధ, ఇబ్బంది క్రియలు కావు, పేర్లు. వాటి పక్కన గట్టిగానే ఉంటుంది. ఈ సూత్రం మనకి ఎవరూ నేర్పలేదు. మూడేళ్ళ పిల్ల కూడా భయబెట్టకు అనదు, భయపెట్టకు అంటుంది. అయిపోయింది వ్యాకరణం.

ఇప్పుడు మన సరిహద్దు సంగతికి వద్దాం. కోడి ఏం చేస్తుంది? గుడ్డు పెడుతుంది. ఒడియాలో? అండా 'దియె'. ఇస్తుంది. సాయంత్రం మనం దీపం పెడతాం, వాళ్ళు సొంజ 'ఇస్తారు'. మన పిల్లాడు అమ్మా అన్నం పెట్టు అంటాడు, వాళ్ళ పిల్లాడు మా, భాతొ 'దే' అంటాడు. మనకి పెట్టు ఎలాగో, వాళ్ళకి దేబా, అంటే ఇవ్వడం, అలాగ. మన దగ్గర పరీక్ష మాస్టారు పెడతాడు, పిల్లలు రాస్తారు. వాళ్ళ దగ్గర పరీక్ష పిల్లలే ఇస్తారు. హిందీలో కూడా ఇంతే కదా. అందుకే మన పిల్లలు చూడండి, "నిన్న లెక్కల పరీక్ష ఇచ్చాను" అంటారు. "మామ్మా, ఆకలేస్తోంది, అన్నం ఇయ్యి" అంటారు. పాతపట్నం నుంచి చుట్టాలు వస్తే, నాలుగడుగులు దాటితే ఆంధ్రాలో పాతపట్నం, వాళ్ళు విని నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇన్నేళ్ళు గోడకి గోడ ఆనుకుని బతికిన రెండు భాషలు గిన్నెలు మార్చుకోకుండా ఉంటాయా? మన పులిహోర గిన్నె వాళ్ళింటికి వెళ్ళి వాళ్ళ పిండివంట పిఠాలతో తిరిగి రాలేదా? పరీక్ష ఇస్తే ఇచ్చుకోనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు.

అన్నం దగ్గర మాత్రం నాకు మింగుడుపడదు. ఎందుకో చెబుతాను. బస్టాండులో ఆకలిగా కూర్చున్నవాడికి పులిహోర పొట్లం ఇస్తాం. ఇచ్చి మన బస్సు మనం ఎక్కేస్తాం. అది ఇవ్వడం. మంచిపనే. అన్నం పెట్టడమంటే వాణ్ణి కూర్చోబెట్టాలి, ఆకు వెయ్యాలి, వడ్డించాలి, ఇంకొంచెం వెయ్యనా అని అడగాలి, వాడు చెయ్యి కడుక్కునేదాకా అక్కడ ఉండాలి. పొట్లం చేతిలో పడేసి "అన్నం పెట్టాను" అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అదేం టీచరమ్మా, డబ్బు తీసుకునే మెస్సువాళ్ళు కూడా పెడతారు కదా అంటారా? ఆ మెస్సులో భోజనం బాగా పెడతారు అంటాం, నిజమే. ఎందుకంటే ఆకు వేసి, మారు అడిగి వడ్డిస్తారు. పార్సిల్ కౌంటర్లో పెట్టరు. అక్కడ ఇస్తారు.

ఈ రెండు మాటలూ పక్కపక్కనే కూర్చున్న సామెత ఒకటి ఉంది, మీ అందరికీ తెలుసు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఎన్నిసార్లు అని ఉంటాం? ఎప్పుడైనా ఆగి చూశారా? పెట్టదు, తిననివ్వదు. మొదటి సగంలో పెట్టడం, రెండో సగంలో ఇవ్వడం. ఇవ్వు వెళ్ళి ఇంకో క్రియ పక్కన చేరితే అర్థం అనుమతి అయిపోతుంది. రానివ్వు, పోనివ్వు, తిననివ్వు. అడ్డు తప్పుకోమని. పెట్టు వెళ్ళి చేరితే? చేసిపెట్టు, తెచ్చిపెట్టు, చూసిపెట్టు. నా కోసం చెయ్యమని. ఒకటి అడ్డం లేవడం, ఇంకొకటి చెయ్యి వెయ్యడం. ఆ మహాతల్లి రెండూ చెయ్యదు, సామెతలో ఉన్న కసి అంతా అక్కడుంది.

బ్యాంకుకి వెళ్ళండి. పెన్షన్ రోజున వరసలో ఉన్న ముసలాయన ఎవరో కుర్రాణ్ణి పట్టుకుని, "ఈ ఫారం కాస్త రాసిపెట్టు బాబూ" అంటాడు. ఫారం రాయి అనడు. రాయి అంటే పని చెప్పినట్టు. రాసిపెట్టు అంటే, నాకు చేతకాదు, నువ్వు చేస్తే నా పని జరుగుతుంది అని. అంత పెద్ద విన్నపం పెట్టుతో అయిపోయింది. అదే రాసిపెట్టడం దేవుడికి తగిలిస్తే? "వాడికలా రాసిపెట్టి ఉంది." ఆ ఫారం మాత్రం మనకెవరూ చూపించరు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏ బడి అని అడక్కండి, నాలుగో తరగతి పిల్లలకి 'మా ఇల్లు' అని వ్యాసం రాయమన్నాను. ఒక పిల్ల రాసింది, "పొద్దుటేల మాయమ్మ కూడెట్టింది" అని. నేను ఎర్రసిరాతో కొట్టేసి, పైన "మా అమ్మ అన్నం పెట్టింది" అని రాసి, రెండు మార్కులు కోశాను. ఆ పిల్ల పుస్తకం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. "మాయమ్మ అన్నం పెట్టదు టీచర్, కూడెడతాది" అంది. నేను వెళ్ళి కూర్చోమన్నాను.

ఎక్కడ కోశాను ఆ మార్కులు? గిడుగు రామమూర్తి పంతులుగారు నడిచిన ఈ నేల మీద. ఇవాళ ఎవరి పుట్టినరోజని మనం ఇక్కడ చేరాం? ఆయన 1863లో పుట్టారు, శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. 1880లో ఇక్కడి రాజావారి బడిలో టీచరుగా చేరారు. ఈ కొండల్లోంచి సవరలు సంతకి దిగుతుంటే వాళ్ళ మాట విని, అది నేర్చుకోవాలనుకున్నారు. పుస్తకాలు లేవు, నేర్పేవారు లేరు. ఏం చేశారు? తెలుగు వచ్చిన ఒక సవరని ఇంట్లో పెట్టుకున్నారు. ఇంట్లో పెట్టుకోవడం అంటే ఏమిటో మీకు తెలుసు, దానికి వేరే నిఘంటువు అక్కర్లేదు. అలా మొదలుపెట్టిన పని 1931లో సవర భాష మీద ఇంగ్లీషులో పుస్తకంగా వచ్చింది. సవర పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పే బడులు పెట్టించారు. శ్రీముఖలింగం గుడిలో శాసనాలు చదవడం కోసం పాత లిపులు నేర్చుకున్నారు. ఆ శాసనాల్లో అఖండదీపాలకి ఇచ్చిన దానాలు ఎన్నో. తరవాత తెలుగు జనం మాట్లాడే మాట బళ్ళోకి రావాలని పోరు పెట్టారు. 1919లో 'తెలుగు' అని పత్రిక కూడా పెట్టారు. ఒక్క మనిషి పదిమంది పెట్టు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు కలిసినప్పుడు, ఊరు విడిచిపెట్టి రాజమండ్రి వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకి డెబ్భై దాటాయి. యాభై ఏళ్ళు పైన ఉన్న ఊరు. మనం ఉండిపోయినవాళ్ళ పిల్లలం.

ఆ రెండు మార్కులూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి. ఆ పిల్ల ఎక్కడుందో తెలిస్తే ఇచ్చేసేదాన్ని. ఇక్కడ ఇవ్వడమే సరైన మాట.

ఏటి మాస్టారూ? గట్టిగా చెప్పండి. ఆఁ, చెంపపెట్టు. మంచిది అందించారు. ఇందాక పదిమంది పెట్టు అన్నాను కదా, అందులో పెట్టు అంటే సాటి. చెంపపెట్టులో దెబ్బ. గొడ్డలిపెట్టులోనూ అంతే. ఇవి క్రియలు కావు, నామవాచకాలు. పెట్టుబడిలో బడి ఉందని పిల్లలు నన్ను అడిగేవారు, ఏ బడి టీచర్ అని. చదువుకునే బడి కాదు, రాబడి, దిగుబడి, పలుకుబడిలో ఉన్న బడి. అలాగే కోడిపెట్ట గుడ్డు పెడుతుంది కాబట్టి పెట్ట, పెట్టు అక్కచెల్లెళ్ళని ఎవరైనా చెబితే నమ్మకండి. మొహాలు కలిసినవాళ్ళంతా చుట్టాలు కారు.

బరంపురం నుంచి వచ్చిన అమ్మ ఏదో అంటున్నారు. ఏమ్మా? "వాడితో పెట్టుకోకు." అవును, అది మర్చిపోయాను. అక్కడ ఏం పెట్టుకోవద్దో ఎవరూ చెప్పరు. తగువా, స్నేహమా, పందెమా? చెప్పకపోయినా భయమేస్తుంది. మా ఆయన ఇంటికొచ్చినవాళ్ళందరికీ నా గురించి ఆ మాటే చెబుతారు. అదిగో, నవ్వుతున్నారు చూడండి.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. మా మనవడి సంగతి చెప్పి దిగిపోతాను. ఇందాక కోడలు అన్నానే, ఆ పిల్ల కొడుకు. ఆరేళ్ళు. ఇంట్లో తల్లితో ఒడియా, నాతో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు. వాడు నాతో రోజూ "మామ్మా, అన్నం ఇయ్యి" అంటాడు. నేను రోజూ "పెట్టు" అని దిద్దుతాను. వాడు రోజూ మర్చిపోతాడు. మొన్న సాయంత్రం వీధిలోకి ఆవు వస్తే, వంటింట్లోంచి రెండు అరటిపళ్ళు పట్టుకుపోయాడు. తిరిగొచ్చి, "మామ్మా, ఆవుకి పళ్ళు పెట్టేశాను" అన్నాడు. నేను ఆశ్చర్యపోయాను. "ఒరేయ్, నాకు ఇయ్యి అంటావు, ఆవుకి పెట్టాను అంటావు, ఏటిరా ఇది?" అన్నాను.

"ఆవుకి చేతుల్లేవు కదా మామ్మా" అన్నాడు.